పెద్దిరాజు పేరు మీద మీటరు

ముసునూరు
శ్రావణ మాసం

బావకు,

నాంచారి రాస్తున్నది. ఉత్తరం చూసి కంగారుపడకు, అత్త బాగానే ఉంది. బాగానే అంటే ఎప్పటిలాగే. కాళ్ళ వాపూ తగ్గలేదు, నోరూ తగ్గలేదు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో జోజిబాబు చెప్పే ఉంటాడు. వాడు చెబితే అందులో సగం వాడి సొంతం కాబట్టి నేనూ రాస్తున్నాను. మొన్న ఊళ్ళో సచివాలయానికి వెళ్ళాను. కంప్యూటర్ దగ్గర కూర్చునే రేచల్ మన కాగితాలన్నీ మళ్ళీ చూసింది. "అక్కా, విడాకులంటే ఒట్టి కాయితం కాదు. మీరు నిజంగా విడిగా ఉంటున్నారో లేదో వెరిఫికేషన్ ఉంటుంది. ఆధార్‌కి లింకయిన ఫోన్లన్నీ కంప్యూటర్‌కి తెలుసు" అంది. నేను బయటికి రాగానే నువ్వు ఫోన్ చేశావు. అది మోగుతుంటే తేలుని పట్టుకున్నట్టు అయింది. విడాకులకి అర్జీ పెట్టిన మొగుడూ పెళ్ళాలు రోజూ పొద్దున్నే మాట్లాడుకుంటుంటే ఏ కంప్యూటర్ నమ్ముతుంది? నువ్వు మాట్లాడేది మాత్రం ఎంతలే, "టీ తాగావా" అని అడిగి "సరే ఉంటా" అని పెట్టేస్తావు. అయినా ఇక ఫోన్లు వద్దు. పోస్టులో కూడా వెయ్యకు, పోస్టాఫీసూ గవర్నమెంటుదే. జోజిబాబు ట్రాలీ ఎలాగూ రెడ్డిగూడెం తోటలకీ ఇక్కడికీ తిరుగుతుంది కదా, వాడి చేతికివ్వు.

అత్తకి ఇంకా అర్థం కాలేదు. "కరెంటు ఎక్కువ కాలిస్తే నా కిడ్నీ కార్డు ఎందుకు తీసేశారే?" అని రోజూ అడుగుతుంది. నేనూ రోజూ చెబుతున్నాను. ఊరి చివర కాపలా పాకకి షావుకారు నీ కొడుకు పేరు మీద మీటరు పెట్టించాడు, తర్వాత మామిడికాయలు మాగబెట్టే చాంబరు కట్టి దాన్నీ ఆ మీటరుకే తగిలించాడు, ఆ కరెంటంతా మన ఇంట్లోనే కాలుతోందని కంప్యూటర్ లెక్కేసింది, అంత కాల్చేవాళ్ళు పేదవాళ్ళు కాదు కాబట్టి మన కుటుంబంలో ఎవరికీ ఏ కార్డూ లేదు అని. "మనింట్లో ఉన్నది ఒక ఫ్యానే గదే, వచ్చి చూడమను" అంటుంది. ఎవరిని రమ్మనాలి? రేచల్‌ని అడిగితే, "నేను చూశానక్కా, నాకు తెలుసు. కానీ నాకు తెలిసింది రాయడానికి ఇందులో గడి లేదు" అంది.

కార్డు లేక డబ్బు కట్టాలి కాబట్టి డయాలసిస్‌కి వారం విడిచి వారం వెళ్తున్నాం. ఇలా అయితే కష్టమమ్మా అన్నాడు డాక్టరు. కష్టమని నాకూ తెలుసు, కోర్టు కాగితం వచ్చేదాకా ఇంతే. నీ దుప్పటి సంచిలో పెట్టి పంపుతున్నాను. తోటలో పాములుంటాయి, టార్చిలైటు లేకుండా దిగకు.

నాంచారి

*

రెడ్డిగూడెం, షావుకారు గారి తోట
వినాయక చవితి మర్నాడు

నాంచారికి,

ఏమని పిలవాలో తెలియక కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మా నాన్న అమ్మకి రాస్తే "లక్ష్మీ సమానురాలు" అని మొదలుపెట్టేవాడు. విడాకులకి అర్జీ పెట్టినవాడు పెళ్ళానికి ఏమని రాయాలో నాకు ఏ పంతులూ నేర్పలేదు. అందుకని ఉత్త పేరే రాశాను, ఏమీ అనుకోకు.

నీ భయం నాకూ పట్టుకుంది. ఫోన్ కట్టేసి బియ్యం డబ్బాలో పెట్టాను. పక్క తోట కాపలావాడు చూసి ఒకటే నవ్వు. నవ్వనీ, వాడి పేరు మీద మీటరు లేదు.

ఆ మీటరు పెట్టిన రోజు నీకు గుర్తుందా? దాని మీద నా పేరు చీటీ అంటించారని మీ అన్నని పిలుచుకొచ్చి మరీ చూపించాను. ఈ చుట్టుపక్కల తోటలన్నిట్లో అంతే కదా, పాకలో ఎవడుంటే వాడి పేరు మీదే మీటరు. షావుకారుకి ఇంటి రేటు పడుతుంది, మనకి నమ్మకస్తుడన్న పేరు పడుతుంది. ఆధార్ అడిగితే నవ్వుకుంటూ ఇచ్చాను.

షావుకారు నారాయణరావుగారిని మళ్ళీ అడిగాను. "ఇప్పుడు కదిలిస్తే పాత బకాయిలన్నీ తవ్వుతార్రా పెద్దిరాజూ. మారుస్తాను, కాస్త ఆగు" అన్నారు. "నేను ఆగుతానండీ, మా అమ్మ కిడ్నీలు ఆగవు కదండీ" అన్నాను. తలొంచుకున్నారు. చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషయితే తిట్టుకోవడానికైనా ఉండేది. సీజన్ లేనప్పుడు కూడా నన్ను ఈ తోటలో పెట్టి జీతం ఇస్తున్నాడు, అదీ అమ్మ కోసమే.

మీటరు మారకపోతే కుటుంబంలోంచి నా పేరే పోవాలి. దానికి కంప్యూటర్‌లో మూడే దార్లట, చావు, పెళ్ళి, విడాకులు. మొదటిదానికి నేను ఒప్పుకోను. రెండోదానికి నువ్వు ఒప్పుకోవు. మూడోదే మిగిలింది. మన కులపెద్దల చేత తెగతెంపుల కాగితం రాయిస్తే ఒక పూటలో పోతుందనుకున్నాం. తాతల నాటి నుంచీ మనవాళ్ళలో ఆ కాగితమే చెల్లింది. పెద్దలు వచ్చి సంతకాలు పెట్టి, "ఉత్తుత్తిదే గదరా" అని మన ఇంట్లోనే టీలు తాగి వెళ్ళారు. తీరా చూస్తే కోర్టు నంబరు లేకుండా గడి ముందుకు జరగదంది రేచల్. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. మీటరు మార్చడానికి లేని దారి మొగుణ్ణి మార్చడానికి ఉంది.

నవ్వుకుంటావని రాశాను. నాకు మాత్రం ఇక్కడ ఏమీ తోచడం లేదు. చెట్ల మధ్య దున్నిస్తున్నాం. అమ్మని వారం వారం తీసుకెళ్ళు, డబ్బు ఎలాగో పంపిస్తాను.

పెద్దిరాజు

*

ముసునూరు
డిసెంబరు, కోర్టు అయిన వారం

బావకు,

అయిపోయింది. నువ్వూ అక్కడే ఉన్నావు, మళ్ళీ నీకు రాయడం ఎందుకో తెలియదు. కానీ నువ్వు ఆ చివర, నేను ఈ చివర నిలబడ్డాం కాబట్టి నాకు జరిగింది నీకు కనపడి ఉండదు.

వకీలు సువర్ణరాజుగారు ముందే చెప్పారు, "పుస్తెలతాడు కనపడనివ్వకమ్మా, జడ్జిగారు చూస్తే లేనిపోని ప్రశ్నలు" అని. బస్టాండులో తీసి చిల్లర పర్సులో పెట్టుకున్నాను. జడ్జిగారు ఆడమనిషి. కళ్ళద్దాలు సర్దుకుని నా మొహంలోకి చూసి, "ఎవరి బలవంతమూ లేదు కదమ్మా? నీ ఇష్టంతోనే ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు. నేర్పినట్టే "అవునండీ" అన్నాను. ఆవిడ వెంటనే రాసుకోలేదు. "ఇష్టమేనా?" అని మళ్ళీ అడిగారు. మళ్ళీ అవునన్నాను.

అబద్ధం ఆడినందుకు నాకు బాధ లేదు, అత్త కోసం ఆడాను. వేరే సంగతి. నేను పుట్టినప్పుడు అత్త పురిటి మంచం దగ్గరికి వచ్చి "నా పెద్దిరాజు పెళ్ళాం పుట్టింది" అందట. మేనరికం, ఇంక అడిగేదేముంది. పెళ్ళప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. విడాకులప్పుడు నువ్వు "ఇక్కడ సంతకం పెట్టు నాంచారీ" అన్నావు, పెట్టాను. నీకిష్టమేనా అని నన్ను మొదటిసారి అడిగింది ఆ జడ్జిగారు. ఆవిడకేమో నేను అబద్ధం చెప్పాను. బస్సులో ముసునూరు దాకా అదే అనుకుంటూ కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అని చూశాను, రాలేదు. కిటికీలోంచి తోటలు వెనక్కి వెళ్తుంటే చూస్తూ ఉన్నాను.

ఇంటికొచ్చి అత్తకి స్నానం చేయించి అన్నం వండాను. పుస్తెలు పర్సులోనే ఉన్నాయని తర్వాతెప్పుడో కూరగాయల బండి దగ్గర చిల్లర తీస్తుంటే చేతికి తగిలి గుర్తొచ్చింది. రోడ్డు మీద వేసుకోవడం బాగుండదని మళ్ళీ లోపలే పెట్టాను.

నాంచారి

*

రెడ్డిగూడెం
జనవరి చివర

నాంచారికి,

పూత బాగా వచ్చింది. చిన్నరసాల చెట్లు ఆకు కనపడకుండా పూశాయి. తేనెమంచు పురుగు పట్టిందంటే అంతా మాడిపోతుంది, అందుకని మందు కొడుతూనే ఉన్నాం. పూత చూసి షావుకారు సంతోషంగా ఉన్నారు. మీటరు సంగతి కదపడానికి ఇదే సమయమని కదిపాను. చూద్దాం అన్నారు.

కోర్టు రోజు నువ్వు బస్సెక్కడం చూశాను. టీకొట్టు వెనక నిలబడి ఉన్నాను. నీ చేతిలో సంచి బరువుగా ఉంది. అందుకుందామని ఒక అడుగు వేసి ఆగిపోయాను, ఎవరైనా ఫోటో తీస్తే కంప్యూటర్‌కి ఎక్కుతుందేమో అని. అలా అనుకున్నందుకు నాకే సిగ్గేసింది. తోటకి వచ్చి ఎండుకొమ్మలు నరకడం మొదలుపెట్టాను, చీకటి పడేదాకా నరికాను. బాధ కూడా లేదు నాంచారీ. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది.

నువ్వు రాసిన మిగతాది కూడా చదివాను.

అమ్మ మందులు జోజిబాబు చేత పంపుతున్నాను. తెల్ల మాత్ర అన్నం తిన్నాకే వెయ్యి.

పెద్దిరాజు

*

ముసునూరు
శివరాత్రి వెళ్ళాక

బావకు,

కంప్యూటర్ ఒప్పుకుంది. కోర్టు కాగితం రేచల్ ఎక్కించింది. ఎవరో వచ్చి చూస్తారనుకుని ఇల్లంతా సర్దాను. నీ చొక్కాలు పెట్టెలో పెట్టి అడుగున తోశాను, వసారాలో నీ పాత చెప్పులుంటే గడ్డివాము వెనక దాచాను. ఎవరూ రాలేదు. ఏ ఆఫీసరూ గుమ్మం తొక్కలేదు. ఒకరోజు పొద్దున్న గిన్నెలు తోముతుంటే మెసేజి వచ్చింది, "మీ కుటుంబం అర్హత పొందినది" అని. చేతులు కడుక్కుని మళ్ళీ చదివాను. అంతే. నీ చెప్పులు ఇంకా గడ్డివాము వెనకే ఉన్నాయి.

ఇప్పుడు కుటుంబ పెద్దని నేను. కార్డు మీద నా పేరు పైన ఉంటుంది, అత్త పేరు కింద. అత్త నాకు ఏమవుతుందో ఎంచుకోమంది కంప్యూటర్. "అత్తగారు" అని నొక్కితే భర్త వివరాలు లేవని ఎర్రగా వచ్చింది. మేనత్త అనేది అసలు అందులో లేదు. రేచల్ కిందికీ పైకీ వెతికి వెతికి చివరికి "ఇతరులు" అని నొక్కింది. అప్పుడు పచ్చగా వెలిగింది. ఊరందరికీ తెలుసు మనది కాగితం విడాకులని, ఆ కంప్యూటర్‌కి తప్ప. అత్తకి ఈ ఇతరుల సంగతి చెప్పలేదు.

డయాలసిస్ మళ్ళీ సరిగా జరుగుతోంది. కార్డు చూపిస్తే ఎవరూ ఏమీ అడగడం లేదు. అత్త మొహం కొంచెం తేటపడింది. రొయ్యపొట్టు కూర కావాలని పేచీ పెడుతోంది, పెట్టకూడదు కాబట్టి తిట్లు తింటున్నాను. సంతోషంగా ఉందా అని జోజిబాబు అడిగాడు. పని అయిందని చెప్పాను.

ఇంటి పెద్ద సంతకం, ఇంటి పెద్ద వేలు అని పిలిచినప్పుడల్లా నీ కోసం వెనక్కి చూస్తున్నాను. తర్వాత నేనే లేచి వెళ్తున్నాను.

నాంచారి

*

రెడ్డిగూడెం
ఉగాది ముందు

నాంచారికి,

ఒక సంగతి. మీటరు మారింది. షావుకారు చాంబరుకి కొత్త కనెక్షన్ తీసుకున్నాడు, పాతది పీకించేశాడు. నన్ను తీసుకెళ్ళి ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. ఒక్క పూట పని. బయటికొచ్చాక, "ఇంత తేలికని తెలిస్తే అప్పుడే చేయించేవాణ్ణిరా" అన్నారు నారాయణరావుగారు. ఆయన మొహం చూస్తే నిజంగానే అన్నట్టు అనిపించింది. నాకు కోపం రావాలి కదా, రాలేదు. టీ ఇప్పిస్తే తాగాను.

నా పేరు మీద ఇప్పుడు ఏమీ లేదు. మీటరు లేదు, ఇల్లు లేదు, కుటుంబం లేదు. మనిషి ఇంత తేలిగ్గా ఉంటాడని తెలియదు.

ఉగాదికి వస్తాను. ఇక దాక్కోవడం దేనికి? నా పేరు మళ్ళీ ఎక్కించేయమని రేచల్‌కి చెప్పు. అమ్మని చూసి చాలా రోజులైంది. నిన్ను కూడా.

పెద్దిరాజు

*

ముసునూరు
ఉగాది

బావకు,

రాకు. రేచల్‌ని అడిగాను. "కుటుంబంలో ఏ మార్పు పెట్టినా కంప్యూటర్ మళ్ళీ మొదటి నుంచీ చూస్తుందక్కా. అది తేలేదాకా కార్డు ఆగిపోతుంది. ఎన్నాళ్ళంటే నేను చెప్పలేను" అంది. కార్డు ఆగితే డయాలసిస్ ఆగుతుంది. ఈసారి ఆగితే అత్త తట్టుకోలేదు. పోయినసారి వారం విడిచి వారం తిప్పాం కదా, అది గుండె మీద పడిందట. డాక్టరు చెప్పాడు. నీకు అప్పుడే రాయాల్సింది, రాయలేదు.

నువ్వు వచ్చి చూసి వెళ్ళినా ఏమీ కాదేమో. అయితే ఎవరు చెబుతారు ఏమీ కాదని? చెప్పేవాళ్ళు లేరు కాబట్టి రాకు.

అత్త ఇప్పుడు నీ గురించి అడగడం లేదు. మొన్న నన్ను పట్టుకుని, "నా కొడుకు నిన్ను వదిలేశాడా, నువ్వు వాణ్ణి వదిలేశావా, ఒకటి చెప్పవే" అంది. కంప్యూటర్ వదిలించిందని చెప్పాను. నవ్వింది. ఆ నవ్వు చూసి నాకేమీ అనిపించలేదు, ఏదో అనిపించి ఉంటే బాగుండేది.

ఉగాది పచ్చడి స్టీలు డబ్బాలో పంపుతున్నాను. మూత గట్టిగా ఉంటుంది, చెంచాతో లేపు. నేను కవర్లు కట్టే పనికి వెళ్తున్నాను. చెట్టు మీద కాయకి కాగితం సంచి తొడగాలి, మచ్చ పడకుండా. కాయని చూడకుండానే చేతులు కట్టేస్తున్నాయి.

నాంచారి

*

రెడ్డిగూడెం
మే, కోతల మధ్య

నాంచారికి,

అమ్మ పెద్దకర్మ అయి తోటకి వచ్చాను. ఇక్కడ కోతలు ఆపలేదు, ఎలా ఆపుతారు. కాయ కోసే చిక్కం కర్ర పట్టుకుని చెట్టు కింద నిలబడితే కాయ ఎక్కడుందో కనపడలేదు. పక్కవాడు కర్ర తీసుకుని నన్ను కూర్చోమన్నాడు.

అన్ని రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. నేను వసారాలో, నువ్వు లోపల. చుట్టాలు నిండుగా ఉన్నారు. నువ్వు నాతో అన్న మాటలు నాకు గుర్తున్నాయి. "కట్టెలు సరిపోయాయా" అన్నావు. "విస్తళ్ళు ఇంకో కట్ట తెప్పించు" అన్నావు. వెళ్ళేటప్పుడు "జాగ్రత్త" అన్నావు. కార్డు ఉన్నాక కూడా ఇలా అయింది. పోయినేడు ఆగిన వారాల వల్లేనని డాక్టరు నాతో కూడా అన్నాడు. ఎవరి మీద పడి ఏడవాలో తెలియక ఊరుకున్నాను.

ఇక అడ్డేముంది? మీటరు లేదు, అమ్మ లేదు, కార్డు ఆగినా ఆగిపోయేది ఏమీ లేదు. జోజిబాబు రేచల్‌ని కనుక్కున్నాడు. ముందు కుటుంబ పెద్ద వేలు వేసి ఒప్పుకోవాలట, తర్వాత మళ్ళీ పెళ్ళి రిజిస్టరు చేయించుకుంటే నా పేరు ఎక్కుతుందట. వెళ్ళి వేలు వెయ్యి. కోతలు అవగానే వచ్చేస్తాను.

పెద్దిరాజు

*

ముసునూరు
రోహిణి కార్తె ఎండలు

బావకు,

వేలు వేయడానికి వెళ్ళాను. మొదటిసారి పడలేదు. కాయలు ఏరే గ్రేడింగ్ పనిలో ఉన్నాను కదా, తొడిమ తెగిన ముచ్చిక దగ్గర కారే సొన అంటి అంటి వేళ్ళన్నీ కాలి పొట్టు లేచాయి. ఈ కాలంలో సచివాలయానికి వచ్చే ఆడవాళ్ళందరిదీ అదే గోల, రేచల్ కొబ్బరినూనె సీసా బల్ల మీదే పెట్టుకుంటుంది. మానాక రమ్మంది. ఆ రోజే అత్త మరణం కూడా రాయించాను. అత్తని నా కింద చేర్చడానికి ఏడాది పట్టింది. తీసేయడానికి రేచల్ రెండు చోట్ల నొక్కింది, అంతే.

నిన్న మళ్ళీ వెళ్ళాను. వేలు మానింది. పెట్టగానే పడింది, పచ్చగా వెలిగింది. నీ పేరు వచ్చింది. ఈ వ్యక్తిని మీ కుటుంబంలో చేర్చుకోవడానికి సమ్మతమా అని అడిగింది. అవును ఒక పక్క, కాదు ఒక పక్క. రేచల్ చేయి అవును మీదే పెట్టుకుని, "నొక్కేయనా అక్కా?" అంది.

ఇంకోసారి వస్తానని లేచి వచ్చేశాను.

నీ మీద కోపం లేదు. వేరే ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండటం బాగుందని కూడా కాదు, బాగాలేదు. అవును అనడానికి నా లోపల వెతికాను. కాదు అనడానికీ వెతికాను. రెండూ దొరకలేదు. జడ్జిగారు అడిగినప్పుడు ఏదో ఒకటి లోపల ఉంది కాబట్టి అబద్ధమైనా చెప్పగలిగాను. ఇప్పుడు అబద్ధం చెప్పడానికి కూడా ఏమీ లేదు. నువ్వేమో వెళ్ళి వేలు వెయ్యి అన్నావు.

నాంచారి

*

రెడ్డిగూడెం
కోతలు అయిపోయాక

నాంచారికి,

నీ ఉత్తరం చదివి జోజిబాబు మీద అరిచాను. పాపం వాడికేం తెలుసు. తర్వాత నీకు ఒక ఉత్తరం రాశాను, అందులో మంచి మాట ఒక్కటీ లేదు. దాన్ని పొయ్యిలో వేశాను.

కాయ అంతా వెళ్ళిపోయింది. కోతలో మిగిలిపోయిన పరకాయ ఏరుకునే పిల్లలు కూడా రావడం మానేశారు. పని లేక నీ ఉత్తరాలన్నీ తీసి మొదటి నుంచీ చదివాను. కోర్టు అయ్యాక రాసినదాని దగ్గర ఆగిపోయాను. నువ్వు ఆ సంగతి రాస్తే నేను పూత బాగా వచ్చిందని జవాబు రాశాను. నాకు అర్థం కాక కాదు. అర్థమయింది. మేనరికం కదా, నన్ను కూడా ఎవరూ అడగలేదు, మరి నేనెందుకు అడగాలి అనుకున్నాను. అప్పుడు అది న్యాయంగానే అనిపించింది.

మీటరుకి నా ఆధార్ ఇచ్చేటప్పుడు నిన్ను అడగలేదు. కులపెద్దల్ని ఇంటికి పిలిచేటప్పుడు అడగలేదు. విడాకులకీ అడగలేదు. ఆ కంప్యూటర్‌ని ఏడాది నుంచీ తిట్టుకుంటున్నాను, మనల్ని ఒక మాట అడక్కుండా తీర్పు చెప్పిందని. నేను చేసింది మటుకు వేరేగా ఉందా?

కాబట్టి ఇప్పుడు అడుగుతున్నాను. నేను రావడం నీకిష్టమేనా నాంచారీ?

రాసి చూసుకుంటే ఎవరో పరాయివాడు రాసినట్టుంది. అయినా కొట్టివేయలేదు.

పెద్దిరాజు

*

ముసునూరు
మృగశిర కార్తె, తొలి వాన

బావకు,

అడిగావు. చదివాను. మళ్ళీ ఒకసారి చదివాను, ఆ జడ్జిగారు కూడా రెండుసార్లు అడిగారు కదా.

నీకు ఒకటి చెప్పాలి. మన ఫోన్లు ఎవరూ వినరట. రేచల్ ఆ రోజు అన్నది, నంబరుకి మెసేజి వస్తుందని మాత్రమే. నాకు అర్థమైన సంగతి చెబితే పగలబడి నవ్వింది. "మీ ఇద్దరూ టీ తాగారో లేదో వినడానికి గవర్నమెంటుకి తీరికేదక్కా" అంది. ఈ సంగతి నాకు కార్తీకంలోనే తెలుసు. కోర్టుకి ముందే. ఆ రోజే నీకు ఫోన్ చేద్దామని ఇంటికొచ్చి తీశాను కూడా. చేయలేదు.

ఎందుకంటే, ఉత్తరమైతే నేను చెప్పేది చివరిదాకా వింటావు. మధ్యలో షావుకారు పిలిచాడని, కరెంటు పోయిందని వెళ్ళిపోవు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నీతో నేను ఇంత మాట్లాడలేదు. అందుకని అత్త మంచాన ఉన్నా, నువ్వు అక్కడ బియ్యం డబ్బాలో ఫోన్ పెట్టుకుని ఉన్నావని తెలిసినా, ఊరుకున్నాను. ఒక్కసారి తన కొడుకు గొంతు వినిపించమని అత్త అడిగినప్పుడు మాత్రం ఊరుకోకుండా ఉండాల్సింది. అప్పుడు కూడా కంప్యూటర్ వింటుందనే చెప్పాను. నమ్మి పడుకుంది. దీనికి నన్ను ఏమన్నా అను.

ఇది రాస్తుంటే ఏడుపు వచ్చింది. కోర్టు రోజు నుంచీ రానిది, అత్తని తీసుకెళ్ళినప్పుడు కూడా రానిది, ఇప్పుడు వచ్చింది. రాసినదాని మీద కొన్ని చుక్కలు పడ్డాయి, అవి వాన కాదు.

నువ్వు అడిగినదానికి జవాబు ఈ కాగితం మీద రాయను. రాస్తే రేచల్ దగ్గర నొక్కినట్టే ఉంటుంది. ఇక నువ్వు కూడా ఉత్తరం రాయకు. బియ్యం డబ్బాలోంచి ఫోన్ తియ్యి. నాది ఛార్జింగ్ పెట్టి దగ్గరే ఉంచుకున్నాను. ఇప్పుడు అడిగిన మాటే నోటితో అడుగు. ఏం చెబుతానో నాకూ తెలియదు. వెంటనే చెప్పలేకపోవచ్చు కూడా.

సరే ఉంటా అని పెట్టెయ్యకు. నేను చెప్పేదాకా ఆగు.

నాంచారి